చెరిసగం మాత్ర

13 జూన్ 2025, శుక్రవారం, పలాస. ఈ రోజు పనులు: పాలు కాచాను, రెండు బుట్టల జీడిపిక్కలు ఎండబోశాను, హేమకు ఉదయం మాత్ర ఇచ్చాను. నాలుగో పని ఈ వీలునామా.

చంద్రమౌళి గారి భార్యను, ఉమామహేశ్వరిని, వయసు యాభై రెండు. పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నాను. వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. భయపడి రాయడం లేదు. పని మిగల్చడం నాకు అలవాటు లేదు.

1. జలంత్రకోటలో నా పేరనున్న ఎకరన్నర జీడితోట, మాతోనే ఉంటున్న నా కవల చెల్లెలు హేమకు. నాన్నగారు దాన్ని మొత్తం నాకే రాశారు. "మందుకి లొంగని ఫిట్సు. ఆ పిల్ల భూమేటి సేసుకుంటాది?" అన్నారు. ఆ మాటకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. నాయనా మహీధర్, నీకు మీ నాన్న కొబ్బరితోట ఉంది. ఇందులో సగమిమ్మని పిన్నిని అడగకు. సగాలు ఇక చాలు. ఎందుకో కింద రాశాను.

2. తొమ్మిదో ఏట హేమకు డాక్టరు మాత్రలు రాశారు. మా నాయనమ్మ బొడ్డమ్మ రోజూ ఆ మాత్రను కత్తిపీట మీద రెండు ముక్కలు చేసేది. "కవలల్లో ఒకదానికేసి ఒకదానికి మానేత్తే ఇద్దరికీ సెరుపే. సెరిసగం మింగండే." మూడేళ్లు మింగాం. తప్పని పదో ఏటికే నాకు అనుమానం వచ్చింది. చెప్పలేదు. దానితో సమానంగా నాకూ మాత్ర రావడం ఇష్టంగా ఉండేది.

3. ముప్పై ఒక్క ఏళ్లుగా హేమకు ఫిట్సు వచ్చిన తేదీలు, నిమిషాలు రాసిన నాలుగు పుస్తకాలు విశాఖ డాక్టర్ ప్రవల్లిక గారికి. ఒకే పోలిక, ఒకే రక్తం ఉన్న కవలల్లో ఒకరికే ఈ జబ్బు ఎందుకొస్తుందని ఆవిడ పరిశోధిస్తున్నారు. పుట్టగానే ఏడవని హేమ మెదడులో పాత మచ్చ ఉందని స్కానింగులో చూపించారు. కారణం అదే కావచ్చట, ఎవరి పాపమూ కాదట. అమ్మ ఆ మాట వినకుండానే పోయింది. అక్కడి కాగితాల్లో "మూడేళ్లు పూర్తి మోతాదు, గుణం లేదు" అని ఉంది. అది నేను చెప్పిన అబద్ధం. హేమ పక్కనే కూర్చుంది, దాని ముందు నిజం ఒప్పుకోలేకపోయాను. సగం మోతాదని దిద్దించాలి.

4. కోడలు సుష్మకు నా పచ్చరాళ్ల దుద్దులు. ఫిట్సు వస్తే హేమను పక్కకు ఒత్తిగిలించాలని ఈ ఇంట్లో ముందు నేర్చుకున్నది తనే. ఇనుము పట్టుకుంటే తగ్గుతుందని మేమందరం హేమ చేతిలో కుక్కిన ఇంటి తాళాల గుత్తి హేమకే. ఇక దాంతో తలుపులు తీసుకోవచ్చు.

వీటిని అమలు చేయాల్సింది నా కొడుకు మహీధర్.

సంతకం: ఉమామహేశ్వరి
సాక్షులు: కామేశ్వరరావు, అప్పలరాజు

కిందిది ఆస్తి కాదు, నా లెక్క.
హేమ మందులో నేను మింగిన సగం: మూడేళ్ల బాకీ. తప్పని అనుమానం వచ్చాక కూడా మింగానని నిన్న హేమకు చెప్పేశాను. అది నవ్వింది. "నువ్వు సగం మింగబట్టి కదే, నాను మిగతాది మింగేను. ఆ సేదు ఒక్కద్దాన్నీ ఎలా మింగుదును?"
చెల్లు.