ఒకటో తరగతి నుంచి సభ్యులవారికి

నొక్‌దో దీవి,
అక్టోబరు 7

గౌరవనీయులైన ప్రాంతీయ సభ సభ్యులు బోంగ్ తేషిక్ గారికి, నొక్‌దో ప్రాథమిక పాఠశాల ఒకటో తరగతి విద్యార్థిని ప్యో గుమ్‌రే వంగి దండం పెట్టి రాయునది.

విద్యార్థుల హక్కుల చట్టాన్ని మీరు రద్దు చేయిస్తున్నారని టీచరు పేపరు చదివి చెప్పింది. బళ్ళో కొట్టకూడదు, సంచులు వెతకకూడదు, రాసుకున్నవి అడక్కుండా చదవకూడదు, నలుగురూ కూడి మాట్లాడుకోవచ్చు. ఇందులో మీకేం అడ్డొచ్చింది? బడి మొత్తం తొమ్మిదిమందిమి. ‘రద్దు వద్దు’ అని కాగితం రాసి గేటుకి అంటించాం. భోజనాలయ్యేసరికి హెడ్మాస్టరుగారు చించేశారు. చట్టం ఉండగానే ఇలా ఉంటే, పోయాక ఎలా ఉంటుంది?

ఇట్లు,
గుమ్‌రే

తా.క.: తప్పులుంటే మన్నించండి. పెన్సిలు పట్టి ఏడు నెలలే అయింది.

అక్టోబరు 11

చిన్నారి గుమ్‌రేకి బోంగ్ మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి కళ్ళు తిరిగాయమ్మా! అక్షరాలు దిద్దే వయసులో ‘రద్దు’ అన్న మాటా? ఎవరో పెద్దవాళ్ళు వెనక కూర్చుని రాయించారు. హక్కులొచ్చాక పిల్లలకి టీచర్లంటే భయం పోయింది. పిల్లలన్నాక పెద్దలకి అణిగి ఉండాలి, పాలు తాగాలి, తొందరగా పడుకోవాలి. ఈసారి ఉత్తరం మీద అమ్మా నాన్నల చేత సంతకం పెట్టించు.

నీ మామయ్య,
తేషిక్

తా.క.: కుందేలు స్టిక్కర్లు పంపుతున్నాను. నోట్లో పెట్టుకోకు.

అక్టోబరు 15

సభ్యులవారికి దండాలు.

నా వెనక ఎవరూ కూర్చోలేదండీ, గోడ ఉంది. అమ్మా నాన్నల సంతకం ఎక్కణ్ణుంచి తేను? నాన్నని సముద్రం తీసుకుపోయింది. అమ్మ కొండమీద సమాధిలో ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే. తెల్లవారుతూనే లేచి సముద్రపు నాచు ఆరేసి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి బడికెళ్తాను. పెద్దలకి అణిగి ఉండమన్నారు. ఉన్నానండీ. ఏం బాగుపడలేదు.

ఇట్లు,
గుమ్‌రే

తా.క.: పాలు నాకు పడవు. సాయంత్రం ఒక గిన్నెడు బియ్యపు కల్లు పుచ్చుకుంటే హాయిగా ఉంటుంది.

అక్టోబరు 19

తల్లీ గుమ్‌రే,

ఏడేళ్ళ అనాథ! నాచు ఆరేయడం! మోకాళ్ళ జబ్బు! కల్లు! నిన్న సభలో నీ ఉత్తరం పైకి చదివి, “చూడండి, హక్కులిస్తే ఏడేళ్ళ పిల్ల కల్లుగిన్నె పట్టుకుంది!” అన్నాను. పేపర్లు మొదటి పేజీలో వేశాయి. గురువారం బాలల సంక్షేమంవాళ్ళు డాక్టరుని వెంటబెట్టుకుని వస్తారు. భయపడకు.

నీ మామయ్య,
తేషిక్

తా.క.: ఆ గిన్నె పారెయ్యి!

అక్టోబరు 24

మామయ్యగారికి,

మీవాళ్ళు ఎలుగుబంటి బొమ్మతో పడవ దిగారు. “అమ్మమ్మా, గుమ్‌రే పాప ఏది?” అన్నారు. “నేనే” అన్నాను. “పాపని దాచడం నేరం” అంది ఒకమ్మాయి. బడి కార్డు చూపించాను. డెబ్బై తొమ్మిదేళ్ళు. పాపం ఆ పిల్ల చతికిలబడిపోయింది. పిల్లలు లేక బడి మూసేస్తామంటే, ఉన్న ముగ్గురు పిల్లలకీ తోడుగా ఆరుగురు ముసలమ్మలం చేరామండీ.

నవ్వుకున్నాం, సరే. చిన్నప్పుడు తమ్ముణ్ణి వీపున కట్టుకుని బడి కిటికీ దగ్గర నిలబడి పాఠం వింటుంటే మాస్టారు బెత్తంతో కొట్టి తరిమారు. ఇన్నాళ్ళకి లోపల కూర్చున్నాను, ఇక్కడ ఎవరూ కొట్టకూడదని రాసి ఉంది కాబట్టి. అది చెరిపేస్తారా? నన్నడక్కుండా నా ఉత్తరం సభలో చదవడానికి మీరెవరు? మంగళవారం ఓటింగుకి తొమ్మిదిమందిమీ వస్తున్నాం.

గుమ్‌రే

తా.క.: డాక్టరు నా మోకాళ్ళు చూశాడు. గిన్నె పారెయ్యక్కర్లేదన్నాడు.

అక్టోబరు 26

పూజ్యులైన గుమ్‌రే అమ్మమ్మగారికి సాష్టాంగ నమస్కారాలు.

అపచారం, అపచారం! పేపర్లవాళ్ళు నా గుమ్మంలోనే కాపురం పెట్టారు. గాలులెక్కువ, పడవ ప్రయాణం మీ వయసుకి మంచిది కాదు, దయచేసి రావద్దు. “ఈ ముసలమ్మల్ని ఎగదోసిందెవరు?” అని పార్టీలో నన్ను నిలదీస్తున్నారు. మిగతా ఐదుగురి పేర్లు పంపండి. ఇళ్ళకి మనుషుల్ని పంపి నచ్చజెప్పిస్తాను.

మీ విధేయుడు,
బోంగ్ తేషిక్

తా.క.: మా అమ్మా మీ దీవిలోనే ఉంది, ఎనభై రెండేళ్ళు. ఇలాంటి గొడవల జోలికి పోదు. ఆవిణ్ణి చూసైనా నేర్చుకోండి.

అక్టోబరు 30

ఒరేయ్ తేషిక్,

పేర్లు అడిగావట. “చస్తే చెప్పను” అంది గుమ్‌రే. నా పేరు నేనే రాస్తాను: చు ఓక్‌బున్. అవును, మీ అమ్మనే. నడుముకి సూదులు వేయించుకోడానికి వెళ్తున్నానని నీతో చెప్పింది అబద్ధం. బడికెళ్తున్నాను.

నిన్న గ్యాలరీలో నన్ను చూసి నీ ముఖం సున్నం కొట్టినట్టయింది. ఎత్తబోయిన చెయ్యి సగంలో ఆగింది. “సభ్యులవారూ, అది పైకా, కిందకా?” అని అధ్యక్షుడు అడిగితే “చెవి దురద” అన్నావు. ఇటు ఇరవై, అటు ఇరవై. సమానమైతే రద్దు వీగిపోతుందట. వసంతంలో మీవాళ్ళు మళ్ళీ తెస్తారని టీచరు అంది. మేమూ మళ్ళీ వస్తాం.

నువ్వు ఎన్నికల్లో నిలబడ్డ ప్రతిసారీ “అమ్మా, రెండో గడిలో ముద్ర” అనేవాడివి. వేసేదాన్ని. అక్కడ నీ పేరుందో ఇంకెవడి పేరుందో నాకేం తెలుసు? మొన్న రేవు దగ్గర నీ పోస్టరు కూడబలుక్కుని చదివాను. ‘నోరులేని వారి గొంతు’ అని రాసుకున్నావు. కన్నకొడుకు గురించి చదివిన మొదటి ముక్క అబద్ధమైందిరా. వచ్చే ఎన్నికల్లో అన్ని పేర్లూ చదివే ముద్ర వేస్తాను. నీది కూడా చదువుతాను.

మీ అమ్మ

తా.క.: ఆదివారం రా, చేపల పులుసు వండుతాను. వస్తున్నానని ఫోను చెయ్యకు, ఉత్తరం రాయి. నా పేరున ఇంతవరకూ ఒక్క ఉత్తరమూ రాలేదు.