గిల్లి చూడకండి

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. పాపని రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి, నిద్రలో ఉన్నా సరే.

దాని కాళ్ళు గిల్లి చూడడం ఇక మానండి. మీ గోళ్ళు దిగి పాదం మీద పుండయింది. వెన్నుపాము దెబ్బతింది, కాళ్ళకి స్పర్శ ఉండదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా మీ తలకెక్కలేదు. మొన్న అది "అబ్బా" అందని ఊరంతా ఫోన్లు చేసి చంకలు గుద్దుకున్నారు. ఘనకార్యమే. నిన్న దాని కళ్ళు మూసి నేను గిల్లాను. ఉలుకూ పలుకూ లేదు. మరి నాన్న గిల్లితే ఎందుకన్నావే అని అడిగితే, "అనకపోతే నాన్న ఏడుస్తాడుగా" అంది. ఐదేళ్ళ పిల్ల మిమ్మల్ని ఊరుకోబెడుతోంది. సిగ్గుండాలి.

పుండుకి మందు కిటికీలో పెట్టాను. రాసేటప్పుడు, మంటగా ఉందా అని మాత్రం దాన్ని అడగకండి.