దొర ఎదుట వాయించరాదు

22 జనవరి 1968, సోమవారం

పదవీ విరమణ చేసిన మూడేళ్ళకు మళ్ళీ సుద్దముక్క చేతికి వచ్చింది. తెలుగు పండితుడికి కామెర్లు. ఆయన కోలుకొనేదాకా ఏడో తరగతికి ఉపవాచకం నేను చెప్పాలట. ఉపవాచకమంటే అందరికీ చులకనే... ఈ యేడు చారిత్రక నవల. ముట్టడిలో ఉన్న కోట, ఆ కోటలో ఒక వైణికుడు. వచనం నిర్దుష్టం. అచ్చుతప్పులు మాత్రం అసంఖ్యాకం. ఎర్ర సిరాతో దిద్దుకున్నాను.

24, బుధవారం

వీణ వర్ణన చదివితే ఆవలింతలు. ఫిరంగులు రాగానే వెన్నులు నిటారు. మధ్యాహ్నం విరామంలో మగపిల్లలందరూ తెల్లదొరలే.

"ఒరే, నేను దొరనిరా. నువ్వు సచ్చిపోయీవోడివి."

"నిన్న కూడా నేనే సచ్చానురా."

వైణికుడి వేషం ఎవ్వరికీ అక్కరలేదు.

27, శనివారం

చివరి ప్రకరణం. కోట పడిపోయింది. గెలిచిన దొర వైణికుణ్ణి పిలిపించి వాయించమంటాడు. అతడు వీణను ఒడిలో పెట్టుకొని కూర్చుంటాడు. వాయించడు. నవల అక్కడ ముగుస్తుంది. ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను — పిల్లలు గమనించలేదనే అనుకుంటాను. వెనుక బల్లమీద నుంచి, "అంతేనేటండి?"

"అంతేనా అండీ" అనవలెనని దిద్దాను. అంతేనని కూడా చెప్పాను.

30, మంగళవారం

వార్షికోత్సవానికి ఆ చివరి ప్రకరణాన్ని నాటకంగా వేయించమని హెడ్మాస్టరు కోరాడు. సంభాషణలు నేనే రాశాను. వైణికుడి పాత్ర సుభద్రకు. తరగతిలో వీణ తెలిసిన పిల్ల ఆమె ఒక్కతే. చీపురుపల్లి నుంచి వచ్చి ఇక్కడ మేనత్త ఇంట్లో ఉంటోంది. తండ్రి నాదస్వర విద్వాంసుడు, కీర్తిశేషుడు.

2 ఫిబ్రవరి, శుక్రవారం

హెడ్మాస్టరు ఇంటికే వచ్చాడు. "సంగీత కళాశాల వీణ పంతులుగారు ముందు వరసలో కూకుంటారు మాస్టారూ. పిల్ల వాయిస్తే విని సీటు సంగతి సూస్తానన్నారు. సివర్న ఓ కీర్తన ఎట్టీయండి."

రచయిత ముగించిన చోటనే ముగియాలన్నాను. దొరకు కచేరీ చేసే వైణికుడి కోసం ఎవరూ నవల రాయరన్నాను.

"మీ పట్టు మీదేలెండి."

నా పట్టు కాదు. గ్రంథకర్తది.

3, శనివారం

బడి వదిలాక సుభద్ర గుమ్మం దగ్గరే నిలబడింది. "మాస్టారండీ, సివర్న ఒక్క కీర్తన వాయించీనాండీ? మా యమ్మ వస్తన్నాది."

"దొర ఎదుట వైణికుడు వాయించరాదు."

"దొరంటే మన సూర్నారాయణే కదండీ."

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. వాయించరాదన్నాను.

10, శనివారం

వార్షికోత్సవం. తెర లేచింది. సుభద్ర వీణను ఒడిలోకి తీసుకుంది. దొర ఆజ్ఞాపించాడు. ఆమె కదలలేదు — నేను చెప్పినట్లే, అణువంతైనా తేడా లేకుండా. సభ ఎదురుచూసింది. ఆ నిశ్శబ్దం ఎంత ఉదాత్తం... అనుకున్నాను.

"మరిసిపోనాది, పాపం" అన్నది ఒక ఆడగొంతు. "బయపడిపోనాదేటో" అని మరొకరు.

సూర్యనారాయణ ఆ మౌనం భరించలేక, నేను రాయని మాట ఒకటి పలికాడు. "వాయించియ్యే, పర్లేదు." సభ విరగబడి నవ్వింది. సుభద్ర నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. తెర దించారు. ముందు వరుసలో వీణ పంతులు కండువా సర్దుకొని లేచిపోయాడు.

11, ఆదివారం

పెద్దవాళ్ళలో ఒక్కరైనా ఆ నవల చదవలేదు. ఆ లోపం నాదా?

12, సోమవారం

సుభద్ర తల్లి బడి వరండాలో కాచుకొని ఉంది. నేను కుర్చీ చూపినా కూర్చోలేదు.

"ఒళ్ళో ఎట్టుకున్న వీణ మీటకుండా దించరు బాబూ మా ఇళ్ళల్లో. ఒక తీగైనా మీటుతారు. సావింట్లోనే అలాగ దించీది. పిల్ల తండ్రి పోయినప్పుడు దించినాం. మళ్ళీ మీరు దించించినారు, అందరూ సూస్తండగా."

అది అభినయమని చెప్పాను. ఆ మౌనమే వైణికుడి గెలుపని కూడా.

"గెలిసినాడో లేదో నాకేటి తెలుస్తాది. నా పిల్లకి వీణ రాదనుకుంటన్నారు ఊళ్ళో. సీటు పోనాది. రైలెక్కి వచ్చి నేనేటి విన్నాను బాబూ?"

 

13, మంగళవారం

సుభద్ర బడికి రాలేదు. మిగిలినవాళ్ళచేత ప్రశ్నలకు జవాబులు రాయించాను. 'వైణికుడు ఎందుకు వాయించలేదు?' ఒకడి జవాబు — 'మాస్టారు వద్దన్నారు కనుక.' సున్నా వేశాను. వాక్యంలో దోషం లేదు.

14, బుధవారం

వీణ పంతులు ఇంటికి వెళ్ళాను. అరుగుమీద కూర్చోబెట్టాడు, లోపలికి రమ్మనలేదు. నవల కథంతా చెప్పాను. తమలపాకుకు సున్నం రాసుకుంటూ విన్నాడు.

"వాయించని పిల్లకి సీటెలాగ ఇస్తాను మాస్టారూ? కథకి ఇమ్మంటారా?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఏ అధికారినీ ఏదీ అర్థించినవాణ్ణి కాను. ఇవాళ అర్థించాను. ఇంకొక్కసారి వినమన్నాను.

"శుక్రవారం పొద్దున్న మీరే వెంటబెట్టుకు రండి. మీ మొగం సూసి వింటాను. మీరు రాకపోతే ఆ పిల్లని పంపకండి."

15, గురువారం

మేనత్త ఇల్లు. తల్లి ఇంకా ఊరికి వెళ్ళలేదు, నన్ను చూసి లోపలికి పోయింది. వీణ గోడవార గలీబులో ఉంది. సుభద్రకు సంగతి చెప్పాను.

"ఏటి వాయించమంటారండీ?"

"నీకు వచ్చిన కీర్తనే."

"మా యమ్మ రావచ్చాండీ?"

"తప్పకుండా."

వీణ వైపు చూసింది, నావైపు చూడలేదు.

"మీరు రాకపోతే వాయిస్తానండి."

కోపంగా అనలేదు. పాఠం అప్పజెప్పినట్లు అన్నది. గదిలోంచి తల్లి కూడా విన్నది, కాదనలేదు.

నేను వెంట ఉంటేనే ఆయన వింటాడు. నేను లేకపోతేనే ఈమె వాయిస్తుంది. పెళుసుగా ఏదో అనబోయి, చెప్పులు తొడుక్కొని వచ్చేశాను.

రేపు ఎనిమిది గంటలకు రమ్మన్నాడు. ఆ వీధి మొదటిదాకా తోడు వెళ్ళి... ఆ తరువాత —