నీ హీలర్ చేతిలో కత్తి

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మార్టూరులో మీ స్నేహితులు ఆదివారాలు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక క్యారెక్టర్‌గా మారి, డైస్ వేస్తూ ఆడే సాహసకథ ఆటకు నీ బదులు నేను వెళ్లాను. మంత్రంతో గాయాలు మాన్పే నీ హీలర్‌కు రెండు లెవెళ్లు ఫైటర్ విద్య, అంటే కత్తియుద్ధం కూడా నేర్పించావని, దాని వివరాలు నువ్వు రాసుకున్న కాగితంలో చూశాను.

ఆటలోని గుహలో రాక్షసుడి దెబ్బకు మీ జట్టులోని కరీముల్లా క్యారెక్టర్ కుప్పకూలింది. నీ హీలర్‌కు ఒక్క పాయింటు ప్రాణమే మిగిలింది. చచ్చిన క్యారెక్టర్ కాగితం చించేయడం వాళ్ల పద్ధతి. నీ హీలర్ కాగితంలో అంతా నీ చేతిరాతే. దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"భయపడకమ్మా! ఫైటర్ విద్య ఉందిగా, దాంతో ఒక్కసారికి ఈ వంతులోనే రెండు పనులు చెయ్యొచ్చు," అన్నాడు కరీముల్లా.

ముందు మంత్రం వేసి అతని క్యారెక్టర్‌ను లేపాను. వెంటనే కత్తి దూసి డైస్ వేశాను. రాక్షసుడు చచ్చాడు.

వచ్చే వారం గుహలో ఇంకా లోపలికి వెళ్దామంటున్నారు. సరేనన్నాను గానీ, నాకు భయంగా ఉంది అన్నయ్యా.