శిక్ష అయిపోయిన మర్నాడు

చిత్తూరు, శుక్రవారం

ఈ రోజు సంగతి రాయకుండా పడుకోలేను. అంత సంతోషంగా ఉంది.

బస్టాండులో తాగి గొడవ చేసే మునిరత్నాన్ని ఇప్పటికి ఆరుసార్లు నేనే కోర్టులో నిలబెట్టాను. జరిమానా కట్టేవాడు, లేదంటే ఒక రోజు జైల్లో ఉండేవాడు. వారం తిరక్కుండా మళ్లీ దొరికేవాడు. ఈసారి జడ్జి గారు పది రోజులు ఆసుపత్రిలో సేవ చేయమన్నారు. నాలో నేను నవ్వుకున్నాను. జైలుకే భయపడనివాడు చక్రాల కుర్చీ తోస్తే మారతాడా?

ఆ పది రోజులు నిన్నటితో అయిపోయాయి. శిక్ష పూర్తయినట్టు కాగితం తీసుకుందామని ఆసుపత్రికి వెళితే, వరండాలో ఒక ముసలమ్మను కుర్చీలో తోసుకుంటూ ఎదురొచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. నోట వాసన లేదు.

"నీ శిక్ష నిన్ననే అయిపాయ కదప్పా, ఈడేం చేస్తా ఉండావు?" అన్నాను.

"ఈ పొద్దు అవ్వకు కాలికట్టు ఇప్పుతారంట మేడం. వస్తానని మాటిచ్చినాను."

"మాటలు మళ్లీ సెప్పుకుందువు, ముందు తొయ్యి నాయనా," అని అవ్వ కసిరింది.

"దోవ ఇడవండి మేడం!" అన్నాడు వాడు, నాతోనే! యూనిఫాంలో ఉన్నదాన్ని గోడకు అతుక్కుని దారిచ్చాను. నవ్వాగలేదు.

వాణ్ని మార్చింది శిక్షో, ఆ అవ్వో నాకు తెలియదు. రేపు ఆమె ఇంటికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత వాడు మళ్లీ బస్టాండుకే వస్తే...

కానీ నేను కాగితం తీసుకుని వస్తుంటే, వాడు నర్సు దగ్గర నిలబడి అడుగుతున్నాడు: "రేపు ఎవుర్ని తొయ్యాల మేడం?"