పిల్లలకు తప్పు చెప్పబోయిన రోజు

పాకాల,
శుక్రవారం.

అమ్మకు సుజన నమస్కారాలు. నేనిక్కడ క్షేమం, నువ్వూ నాయనా క్షేమమని తలుస్తాను. నా క్షేమాన్ని మాత్రం కొంచెం తగ్గించి చదువుకో. ఫోను చేస్తే హాస్టలు గదిలో తోటి టీచర్లు వింటారు. అందుకని నగరికి వస్తున్న పంకజాక్షి టీచరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కాళ్ల వాపు తగ్గిందా అని అడిగావు. రోజంతా నిలబడే పాఠం చెప్పాలన్నది ఈ బడి పద్ధతి, ఇంక ఎక్కడ తగ్గుతుంది? తెలుగు టీచరువి ఇంగ్లీషు చెప్పడమేమిటని నాయన అడిగారట. ఇంగ్లీషు సారు దసరాకి ఊరెళ్లి తిరిగి రాలేదు, ఆయన క్లాసులు నా నెత్తిన పడ్డాయి. నాలుగో తరగతికి ఏకవచనం, బహువచనం, ఏది ఎవరిదో చెప్పడం నేర్పుతున్నాను. బుక్‌కి ఎస్ చేరిస్తే బుక్స్ అని హాయిగా చెప్పానో లేదో, చైల్డ్ వచ్చి చిల్డ్రన్ అయి కూర్చుంది. మా క్లాసులో వకుళ పుస్తకమైతే వకుళాస్ బుక్. ఎస్‌కు ముందు పైన చిన్న కొక్కెం పెట్టాలి. మా పిల్లలు దాన్ని తేలుకొండి అంటారు.

వచ్చే గురువారం చిత్తూరులో వెరిఫికేషను కదా, సర్టిఫికెట్లు సర్దుకున్నావా అని కూడా అడిగావు. అమ్మా, అవి నా దగ్గర లేవు. చేరిన రోజే ఒరిజినల్స్ అన్నీ కరస్పాండెంటు మోహన్‌కృష్ణ సారు తీసుకుని బీరువాలో పెట్టారు. చెబితే మీరు చేరనివ్వరని దాచాను. గురువారం అవి చూపించకపోతే డీఎస్సీలో వచ్చిన ఉద్యోగం పోతుంది. అడిగితే ఏడాది పూర్తయ్యేదాకా కుదరదంటున్నారు. నాకు ఊపిరాడడం లేదమ్మా.

నిన్న ఒక పాడు ఆలోచన వచ్చింది. తప్పులు చెబితే తల్లిదండ్రులు గొడవ చేస్తారు, సారే కాగితాలు మొహాన కొట్టి పొమ్మంటారు అనుకున్నాను. బోర్డు మీద చైల్డ్స్ అని రాశాను. వకుళ లేచి, "మొన్న చిల్డ్రన్ అంటిరి కదా మిస్," అనింది. ఇదే సరైనదన్నాను.

"మీరు చెప్తే సరే మిస్," అని, తను సరిగ్గా రాసుకున్నదాన్ని కొట్టేసింది.

నాకు ఏడుపొచ్చింది. బోర్డు తుడిచి, మొదటినుంచి అంతా సరిగ్గా చెప్పించాను. గుమ్మంలో నిలబడి విన్న సారు మురిసిపోయారు. "ఇంత బాగా సెప్పేదాన్ని ఎట్ల ఇడిసిపెడతాం? వచ్చే ఏడు కూడా నువ్వేనమ్మా ఈడ," అన్నారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

నాయనను మాత్రం పంపవద్దు. సారు కూర్చోమంటే కూర్చుని, కాఫీ తాగి, దండం పెట్టి తిరిగొచ్చేస్తారు. నువ్వే రా. బుధవారం లోపల రా. ఆ బీరువా తెరిచేదాకా ఆఫీసు గుమ్మంలోనుంచి లేవకు. ఎంత గట్టిగా అరిచినా ఫరవాలేదు, పిల్లలు వింటే విననీ.

ఇట్లు,
గేటు వైపే చూస్తుండే
నీ కూతురు
సుజన