వెనక తలుపు అద్దం నేనే వేశాను

బావా,

కారు వెనక ఎడమ తలుపుకి అద్దం వేసేశాను. సాయంత్రం సెంట్రల్ స్టేషన్ నుంచి అత్తయ్యను తెచ్చేటప్పుడు ఆ వైపే కూర్చోబెట్టు. అద్దం మాత్రం ఇవాళ్టికి దించొద్దు, పక్క రబ్బరు ఇంకా బిగుతుగా ఉంది. గాజుముక్కలు రెండుసార్లు ఊడ్చాను, అయినా సీటు కింద చెయ్యి పెట్టకు. తలుపు లోపల టకటకమంటే కంగారుపడకు. తలుపు లోపలివైపు అట్ట విప్పేటప్పుడు ఒక క్లిప్పు విరిగింది, అక్కడ గుడ్డపేలిక మడిచి పెట్టాను.

"నీకెందుకే, వేళ్లు కోసుకుంటావు, మెకానిక్ వస్తాడులే" అన్నావు. నాలుగు రోజులైనా రాలేదు. పక్క ఫ్లాటు వాళ్ల కారుకి మెకానిక్ అద్దం మార్చిన రోజు నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ మొత్తం చూశాను. అందుకే నిన్న పుదుపేటలో పాత కారు సామాన్ల కొట్టుకి వెళ్లి, మన కారుకి సరిపోయే అద్దం తెచ్చాను. లోపల దాన్ని పట్టి ఉంచేవి రెండే బోల్టులు. నా వేళ్లు పదీ ఉన్నాయి, వచ్చాక లెక్కపెట్టుకో.

అద్దం ఎవరు వేశారని అత్తయ్య తప్పకుండా అడుగుతుంది. పోయిన నెల మిక్సీ నేను బాగుచేస్తే, రిపేరతను వచ్చాడని ఆవిడకి ఫోన్లో చెప్పావు. పక్కనే ఉండి విన్నాను. ఈసారి నా పేరు చెప్పు.

వంకాయ పులుసు గిన్నెలో ఉంది, వేడి చేసుకోండి. ఆఫీసు క్యాబ్ కింద హారన్ కొడుతోంది.

సునయన

అద్దం ఎలా పగిలిందని కూడా అడుగుతుంది. నువ్వు నా పేరు చెబితే, కారుకి దిష్టి తీసి నువ్వు కొట్టిన కొబ్బరికాయ చిప్పే ఎగిరి తగిలిందని నేను చెప్పను.